నాలుగు గంటలు నడిచిన ఇంజన్

పటాన్‌చెరు,
14 జులై 1997.

ప్రియమైన పద్మత్తమ్మకు,

స్వరూప నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. నువ్వు, మామయ్య నిర్మల్‌లో క్షేమమని తలుస్తాను. మామయ్య బదిలీతో మీరు సంగారెడ్డి విడిచి ఏడాది దాటింది. ఆ ఇంటి ముందు నుంచి బస్సు పోతుంటే నేను ఇప్పటికీ కిటికీ వైపు జరుగుతాను.

మా విమానాల మరమ్మతు కోర్సు రెండో సంవత్సరం మొదలైంది. ఇక సగం పుస్తకాలు, సగం పని. మా సంస్థ కొన్న పాత విమానం పోయిన నెల లారీ మీద వచ్చింది. రెక్కలు విడిగా ఇంకో లారీలో. ముత్తంగి దగ్గర తోక కరెంటు తీగలకు తగులుతుంటే లైన్‌మన్ స్తంభమెక్కి వెదురు కర్రతో తీగలు పైకెత్తి పట్టుకున్నాడట. ఇప్పుడది మా షెడ్డులో ఉంది. ఒకప్పుడు రంగుల ఫ్యాక్టరీ కదా, గోడల మీద నీలం, ఎరుపు మరకలు ఇంకా పోలేదు.

ఈ చదువుతో చివరికి ఏమవుతావని అడుగుతుంటావు. విమానం ఎగిరే ముందు ఒక ఇంజనీరు దాన్ని చూసి, బాగుందని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే పైలట్ ఎంత పెద్దవాడైనా కుర్చీలో కూర్చుని ఎదురుచూడాల్సిందే. ఆ సంతకానికి లైసెన్సు కావాలి. లైసెన్సు పరీక్షకు కూర్చోవాలంటే లాగ్‌బుక్ నిండాలి. చేసిన ప్రతి పనీ తేదీ వేసి, ఎన్ని గంటలు పట్టిందో రాసి, పక్కన సార్ సంతకం తీసుకోవాలి.

ఈ వారం ఇంజన్ నాలుగు గంటలు నడిపాము. ఆయిల్ మార్చాము. నరసరాజు సార్ నా లాగ్‌బుక్ చూసి చేతిరాత ముత్యాల్లా ఉందన్నారు. సంస్థ యజమాని, ప్రిన్సిపాల్, అన్నీ ఆయనే.

అమ్మ మాత్రం టాబ్లెట్ల ఫ్యాక్టరీ ప్యాకింగులో తన పక్క కుర్చీ నాకోసం ఖాళీగానే ఉందంటుంది. తప్పితే అక్కడికే రావాలన్నది నాన్న పెట్టిన షరతు. నీ మాట మీద నన్ను పంపాడు. ఆ మాట పోనివ్వను.

నీ
స్వరూప


నిర్మల్,
27 జులై 1997.

చిరంజీవి స్వరూపకు,

నీ ఉత్తరం మొదటిసారి చదివి సంతోషించాను. రెండోసారి ఎందుకు చదివానో తెలియదు. "నీకు పెళ్ళి కార్డు ఇచ్చినా ముహూర్తం సరిగ్గ పెట్టిండ్రా లేదా అని చూస్తవ్" అంటారు మీ మామయ్య. కాగితాన్ని అనుమానించడం నాకు పాఠాలు చెప్పడంతో పాటు వచ్చిన జబ్బు కావచ్చు.

మా ఇంట్లో ఉండి, నా క్లాసులోనే ఇంటర్ చదివిన రెండేళ్ళూ నిన్ను చూశాను. నీళ్ళ ట్యాంకరు వస్తే దాని హారన్ ఎలా మోగిందో నోటితో మోగించి చూపేదానివి. ఇంటికి పోయి వచ్చిన ప్రతిసారీ జిన్నారం దారిలో వాగు ఏ రంగులో పారుతోందో, ఆ రోజు ఏ వాసన వేసిందో చెప్పందే బ్యాగు కింద పెట్టేదానివి కాదు. అలాంటి పిల్ల విమానం ఇంజన్ పక్కన నాలుగు గంటలు నిలబడి, దాని మోత గురించి ఒక్క ముక్క రాయలేదు. రేకుల షెడ్డు అదరలేదా? ఆ గాలికి ఎవరి చున్నీ ఎగరలేదా? ఆయిల్ మార్చిన చేతికి వాసన ఎన్నాళ్ళుంది?

ఇంకొకటి. నీ ఉత్తరంలో ఒక్క కొట్టివేత లేదు. చిత్తు రాసుకుని ఎత్తి రాసినట్టుంది. అత్తకు రాసే ఉత్తరానికి చిత్తుప్రతి ఎందుకు?

వేసవిలో వచ్చినప్పుడు నారాయణఖేడ్ అబ్బాయి సంగప్ప అని ఒకరి పేరు నాలుగుసార్లు చెప్పావు. ఈ ఉత్తరంలో ఒక్కసారీ లేదు. చెప్పినప్పుడు అడగలేదు, చెప్పనప్పుడు అడగాలనిపిస్తోంది.

మీ నాన్నకు ఇవేవీ తెలియనివ్వకు. అంజయ్య నా తమ్ముడే అయినా సంగతి సంగతే. చిన్న లోపం కనబడితే చాలు, "నేను ముందుగాల్నే అన్న" అని నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు.

వెంటనే జవాబు రాయి.

మీ అత్త,
పద్మావతి


పటాన్‌చెరు,
8 ఆగస్టు 1997.

పూజ్యులైన అత్తమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇంజన్ మోత చాలా బాగుంది. షెడ్డు కూడా బాగానే అదిరింది. పని చేసేటప్పుడు చున్నీ వేసుకోరాదన్నది నియమం కనుక ఎగరలేదు. హాస్టల్ భోజనం రుచిగా, శుభ్రంగా ఉంటుంది. నరసరాజు సార్ మమ్మల్ని సొంత బిడ్డల్లా చూసుకుంటారు. మీరు ఎంతమాత్రం ఆందోళన చెందవలదు.

ఇట్లు,
స్వరూప


పటాన్‌చెరు,
24 ఆగస్టు 1997.

అత్తమ్మా,

బక్కమ్మ టీ కొట్టులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. కొట్టివేతలు నీకు కావలసినన్ని ఉంటాయి.

హాస్టల్‌కు వచ్చిన ఉత్తరాలు ముందు ఆఫీసులోనే విప్పుతారు, రాసినవి అంటించకుండా అక్కడే ఇవ్వాలి. నరసరాజు సార్ చదివి, నచ్చకపోతే ఎలా రాయాలో చెప్పి మళ్ళీ రాయిస్తారు. గేటు పక్క ఎస్టీడీ బూతు ఆయన బావమరిదిది. మొదటి ఉత్తరం నా మూడో ప్రతి. రెండోది ఆయన చెబితే రాశాను, 'మీరు' తప్ప. అది నేను చేర్చింది. పుట్టి బుద్ధెరిగాక నిన్ను మీరు అనలేదు, అక్కడైనా నీకు తడుతుందనుకున్నాను.

తట్టిందో లేదో తెలియదు గానీ నువ్వు చేసింది నాకు తెలిసింది. సార్ నన్ను పిలిచి, నువ్వు ఆయనకు రాసిన కార్డు క్లర్కు ముందు, ప్యూను ముందు గట్టిగా చదివారు. "మా అమ్మాయి సంగప్ప అనే కుర్రవానితో తిరుగుచున్నదేమో దయచేసి గమనించగలరు." చదివి నవ్వారు. "చూడమ్మా, మీ అత్తగారికి ఇంజన్ మీదా అనుమానమే, నీ మీదా అనుమానమే. ఇంజన్ సంగతి నేను చూసుకుంటా. నీ సంగతి నువ్వు చూసుకో" అన్నారు. నేను నీ గురించి అందరికీ గొప్పగా చెప్పుకున్నానత్తమ్మా. ఆ రోజు ప్యూను నా మొహం చూడలేక బయటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నిజం. ఇంజన్ నడవలేదు. ఒక్క నిమిషం కూడా. ముందరి పంకా నలుగురం కలిసి తోసినా కదలదు. లోపల ఎక్కడో పట్టేసింది. తోక దగ్గర గోరింక గూడు పెట్టింది. "ఇప్పి చూద్దాం సార్, గదే మాకు చదువైతది" అన్నాడు సంగప్ప. సార్ ఏమన్నారో తెలుసా? "వద్దు నాయనా, విప్పితే పాడవుతుంది."

డిసెంబర్లో ఢిల్లీ నుంచి ఆఫీసరు వస్తాడు. ఆయన సరేనంటేనే సంస్థకు అనుమతి నిలుస్తుంది, మాకు పరీక్ష ఉంటుంది. ముప్పై ఒక్క మందిమి, ముప్పై ఒక్క లాగ్‌బుక్కులు. చేయని పని అందరికీ గంటల లెక్కన కుదిరేలా రాయాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. ఒకరి రాతని తెలియకుండా అక్షరాలు ఒకటి కుడికి వాల్చి, ఒకటి ఎడమకు వాల్చి, నీలం ఇంకుతో కొన్ని, నల్ల ఇంకుతో కొన్ని. ఎనిమిది రాశాను. రాయనంటే నా హాజరు కోసేస్తారట. హాజరు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే అమ్మ పక్క కుర్చీ.

ఏం చేయమంటావు? జవాబు బక్కమ్మ పేరున పంపు. ఆమెకు చదువు రాదు. ఇక్కడ నాకు నమ్మకమున్న మనిషి ప్రస్తుతానికి ఆమె ఒక్కతే. ఇందాకటి నుంచి నన్ను చూసి చూసి, "ఎవలకే గంత సేపు రాస్తున్నవ్? అత్తకా? అత్తతోని గిన్ని మాటలుంటయా ఎవలకన్నా!" అంటోంది.

స్వరూప


నిర్మల్,
4 సెప్టెంబర్ 1997.

స్వరూపా,

తట్టింది. 'మీరు' దగ్గరే ఆగిపోయాను. కానీ నరసరాజుకు కార్డు అంతకు ముందే రాశాను, నీకు మొదటి జవాబు రాసిన రోజునే. నీ జవాబు కోసం ఆగి ఉండవలసింది. ఇంజన్ మీద వచ్చిన అనుమానం నిరూపించాలంటే ఇంజన్ చూడాలి. నీ మీద అనుమానానికి ఏదీ చూడనక్కర్లేదు, ఒక అబ్బాయి పేరు చాలు. తేలికైన దాన్ని ఎంచుకున్నాను. ఎవరైనా నా క్లాసు పిల్లల గురించి అలాంటి కార్డు రాసి ఉంటే చించి పారేసేదాన్ని. క్షమించమని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

నీ ప్రశ్నకు వస్తాను. నాలుగు రోజులు ఆలోచించాను. మీ మామయ్యకు కూడా చెప్పలేదు.

రాసెయ్యి.

నీకు నచ్చదని తెలుసు. కానీ నిదానంగా చూడు. నువ్వు ఒక్కదానివి ఆగితే సంస్థ ఆగదు, ఇంకొకరి చేత రాయిస్తారు. నీ చదువు మాత్రం మట్టిలో కలుస్తుంది. లైసెన్సు వచ్చాక ఏదో పెద్ద హ్యాంగర్లో అనుభవమున్న వాళ్ళ పక్కన నిలబడి నిజమైన పని నేర్చుకుంటావు. అప్పటిదాకా ఎవరూ నీ చేతికి విమానం ఇవ్వరు. ఏ కాలేజీలో రికార్డులు ఇలా నిండవు? చదువు ఒక దారి, రికార్డు ఒక దారి. రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి.

అంజయ్యకు చెప్పకు. "ఆడిపిల్లకు విమానాలెందుకక్కా" అన్న మనిషిని రెండు గంటలు కూర్చోబెట్టి ఒప్పించింది నేను. ఇప్పుడు ఇదీ సంగతి అని తెలిస్తే వాడు నిన్ను ఒక్కరోజు కూడా అక్కడ ఉండనివ్వడు, నాతో జన్మలో మాట్లాడడు.

మీ అత్త


పటాన్‌చెరు,
18 సెప్టెంబర్ 1997.

అత్తమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ అలవాటు నీ దగ్గర నేర్చుకున్నదే.

'ఏ కాలేజీలో రికార్డులు ఇలా నిండవు' అన్న మాట దగ్గర ఆగాను. నా ఇంటర్ ఫిజిక్స్ రికార్డు గుర్తుందా? లఘు లోలకం. దారానికి ఇనుప గుండు కట్టి ఊపి, ఎన్ని సెకన్లలో ఎన్ని ఊగులు ఊగిందో లెక్కపెట్టాలి. ఆ ఏడాది ల్యాబులో గుండు లేదు. నేను ఒక్కసారీ దారం పట్టుకోలేదు. సీనియర్ల పాత రికార్డు చూసి అంకెలు ఎక్కించాను. నువ్వు ఎర్ర ఇంకుతో 'చాలా బాగుంది' అని రాసి సంతకం చేశావు.

చాలా బాగున్నదేమిటి అత్తమ్మా?

గుండు లేదని నీకు తెలుసా, తెలియదా? తెలియదంటే నేను నమ్మను. తెలుసంటే ఆ తరువాత ఏం చేయాలో నాకు తెలియదు.

నువ్వు అడిగావు కాబట్టి సంగప్ప గురించి కూడా చెబుతాను. నిన్న ఇదే కొట్టులో ఎదురుగా కూర్చుని తన లాగ్‌బుక్ నా ముందుకు జరిపాడు. "మా ఊర్ల బోరు మోటర్లు కాలితే నేనే ఇప్పి కట్టేటోణ్ణి. గీ ఇంజన్ గూడ ఇప్పనిస్తే కట్టెటోణ్ణే. ఇప్పనియ్యరు. ఇగ ఏం జెయ్యాలె? రాయి. తప్పే, నాకూ ఎర్కే. నీకైతే చెప్పెటందుకు అత్త ఉన్నది. నాకెవలున్నరు?" అన్నాడు. బక్కమ్మ మధ్యలో టీ గ్లాసు పెట్టి, "జర చక్కెర ఎక్కువేసిన, ఇద్దరి మొకాలు గట్లున్నయ్" అంది. ఇంతే మా తిరుగుడు.

నిన్నటికి ఇరవై రెండు లాగ్‌బుక్కులయ్యాయి. నీ ఉత్తరం రాకముందు ఎనిమిది. వచ్చాక పద్నాలుగు.

స్వరూప


నిర్మల్,
3 అక్టోబర్ 1997.

స్వరూపా,

తెలుసు.

గుండు జూన్ మొదటి వారంలోనే పోయింది. కొత్తది కావాలని కాగితం పెట్టాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. పిల్లలకు పాత రికార్డులు చూసుకోమని నా నోటితో నేనే చెప్పాను. నీ క్లాసుకు చెప్పేటప్పుడు నువ్వు మూడో వరసలో కూర్చుని నా వైపే చూస్తున్నావు. నేను బోర్డు వైపు తిరిగాను. గుండ్రటి రాయికి దారం కట్టినా ప్రయోగం అయ్యేదన్న ఆలోచన ఇవాళ, ఈ ఉత్తరం రాస్తుంటే వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో అప్పుడు ఎందుకు రాలేదో అదీ అనుమానించవలసిన విషయమే.

ఆ ఏడాది అరవై రికార్డుల్లో ఒకే విలువ వచ్చింది. భూమి అందరినీ ఒకేలా లాగుతుంది, నిజమే. అరవై మంది అమ్మాయిల చేతులు ఒకేలా వణకవు. అది తెలిసే సంతకం చేశాను. లోలకం తప్పితే ఎవరూ చావరు కదా అనుకున్నాను. ఆ రికార్డు రాసిన అమ్మాయే రేపు విమానం కింద నిలబడి సంతకం పెడుతుందని నాకు తెలియదు. తెలిస్తే మాత్రం చేసేదాన్ని కాదా? నీకు మాట ఇవ్వలేను.

రాసెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. దానివల్ల ఆ పద్నాలుగు ఖాళీ కావని తెలుసు. దసరా సెలవులకు వచ్చి నరసరాజుతో నేనే మాట్లాడతాను. నువ్వు భయపడకు. అంజయ్యకు మాత్రం ఇంకా చెప్పకు, నేను వచ్చాక చూద్దాం.

అత్త


జిన్నారం,
21 డిసెంబర్ 1997.

అత్తమ్మా,

పైన ఊరి పేరు చూసి అర్థమై ఉంటుంది. ఇంట్లో ఉన్నాను.

దసరాకు వస్తానన్నావు. రెండు రోజులు బక్కమ్మ కొట్టు ముందు నిలబడి బస్సు దిగే ప్రతి మనిషినీ చూశాను. నువ్వు రాలేదు. ఎందుకని రాసి కూడా పంపలేదు. అందుకే నేనూ ఇన్నాళ్ళు రాయలేదు.

నువ్వు రాలేదు గానీ నాన్న వచ్చాడు. నేను చెప్పలేదు. బక్కమ్మ చెప్పింది. మా వైపు నుంచి పాల క్యాన్లు తెచ్చే మనిషితో, "అంజయ్యకు చెప్పు, ఆయన బిడ్డ టీ తాగదు, రాస్తది, ఏడుస్తది" అని కబురు పంపిందట. ఆదివారం పొద్దున్న ఫ్యాక్టరీ డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. "ఏది బిడ్డా, నీ ఇంజన్ సూపియ్" అన్నాడు.

చూపించాను. చుట్టూ ఒకసారి తిరిగాడు. పొగ గొట్టంలోకి రెండు వేళ్ళు పెట్టి, గుండ్రంగా తిప్పి బయటికి తీశాడు. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మసేది?"

ఆ రెండు వేళ్ళూ నా ముందుకు చాపాడు.

"నడిశిన గొట్టంల మసి ఉంటది బిడ్డా. ఇది ఉత్త తుప్పు. నాలుగు గంటలు నడిపినమని ఇంటికి రాస్తివి. మీ అమ్మ గల్లీ గల్లీ తిరిగి చెప్పుకున్నది."

అంతా చెప్పేశాను. లాగ్‌బుక్కులు, కుడి వాలు, ఎడమ వాలు, అన్నీ. నాన్న రెక్క నీడలో గొంతుక్కూర్చుని విన్నాడు. "మా కాడ బాయిలర్ల నీళ్ళెంతున్నయో గంట గంటకు సూసి రాయాలె. మన ఓదెలు పొద్దుగాల్నే ఎనిమిది గంటలయి ఒక్కపారే రాసి పెట్టిండు. కాయితంల నీళ్ళున్నయి, బాయిలర్ల లెవ్వు. గొట్టం పలిగింది. మీ ఓదెలు చిన్నాయిన చెయ్యి సూస్తివి గద, ఎట్లయిందో" అన్నాడు. అది ప్రమాదమనే మాకు ఇన్నాళ్ళూ చెప్పారు.

పా ఇంటికి పోదాం అంటాడనుకున్నాను. అనలేదు. "ఆఫీసరు వచ్చేదాంక ఉండు. ఇగ ఒక్క అచ్చరం రాయకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎల్లగొడితే నేనే వచ్చి తోలుకపోత." గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు. "అక్కకు చెప్పకు. పరేషానైతది."

మీరిద్దరూ ఒకరికొకరు చెప్పొద్దని నాకే చెప్పారు.

ఆఫీసరు తొమ్మిదో తారీఖు వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. నరసరాజు సార్ కొబ్బరినీళ్ళు ఇస్తే పక్కన పెట్టి, లాగ్‌బుక్కుల్లోంచి మూడు తీశాడు. వరసగా నిలబెట్టిన మమ్మల్ని చూసి, రాత బాగుంది, ఎవరిది అన్నాడు. నాది సార్ అన్నాను. ఇది? అదీ నాదే. ఇది ఎడమకు వాలిందే? వాల్చి నేనే రాశాను సార్, మొత్తం ఇరవై రెండు.

నరసరాజు సార్ నవ్వుతూ, "అమ్మాయి కొంచెం చిలిపిది సార్" అన్నారు.

ఆఫీసరు నవ్వలేదు. "ఇంజన్ ఒకసారి నడిపి చూపించండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. సంగప్ప తల దించుకున్నాడు.

సంస్థకు అనుమతి పోయింది. మేమంతా జులైలో వేరే చోట చేరవచ్చు. చదివిన క్లాసులు లెక్కకు వస్తాయి, చేసిన పని సున్నా నుంచి మొదలు. నాకు అదనంగా ఏడాది పాటు ఏ పరీక్షా లేదు, ఇతరుల పుస్తకాలు రాసినందుకు. "మీకు శిక్ష వేయకపోతే మీ మాటకు విలువ ఉండదు" అన్నాడు ఆఫీసరు. ఎందుకో ఆయన మీద కోపం రాలేదు.

బస్సెక్కుతుంటే సంగప్ప కిటికీ దగ్గరికి వచ్చాడు. "నువ్వు మంచిదానివైనవ్ స్వరూపా. మేం సున్నా అయినం" అన్నాడు.

రేపటి నుంచి అమ్మతో ప్యాకింగుకు పోతాను. నాన్న వద్దన్నాడు, నేనే పోతానన్నాను. అమ్మ నాకు టోపీ, చేతి తొడుగులు తెచ్చి పెట్టింది.

స్వరూప


నిర్మల్,
6 జనవరి 1998.

నా తల్లీ,

నేను వచ్చాను.

దసరాకు రెండు రోజుల ముందు పటాన్‌చెరు బస్‌స్టాండులో దిగాను. బ్యాగులో నరసరాజుతో మాట్లాడవలసినవన్నీ కాగితం మీద రాసుకుని ఉన్నాయి. ఏదో ఫ్యాక్టరీ షిఫ్టు వదిలినట్టుంది, అన్ని వైపుల నుంచీ సైకిళ్ళు. రోడ్డు దాటాలి. ఆ కాగితం తీసి చదువుకున్నాను. అందులో ప్రతి మాటకూ అతను 'మరి మీ కాలేజీలో?' అని ఒక్క మాట అంటే చాలు. నిర్మల్ బస్సెక్కి కూర్చున్నాను. నువ్వు ఆ రోడ్డు అవతలే నిలబడి ఉంటావని ఊహించాను కూడా. ఇది నీకు చెప్పకుండా ఉండగలనేమోనని మూడు నెలలు చూశాను.

అంజయ్య గురించి ఏం రాయను? ఈ వ్యవహారంలో నేను అందరినీ అనుమానించాను. నరసరాజును, నిన్ను, ఆ సంగప్పను, చివరికి నన్ను. వాడిని మాత్రం అనుమానించనే లేదు, వాడి సంగతి తెలుసని నిశ్చయంగా ఉన్నాను. వాడు ఏడో తరగతి, నేను ఎమ్మెస్సీ. మొన్న ఎస్టీడీలో మాట్లాడాను. "చెప్పలేదేందిరా" అంటే "నువ్వు చెప్పినవానక్కా" అన్నాడు. మీటరు తిరుగుతూనే ఉంది.

నిన్న రికార్డులు సంతకానికి వచ్చాయి. యాభై ఎనిమిది. సంతకం లేకుండా వెనక్కి ఇచ్చి, పిల్లల్ని ల్యాబుకు రమ్మన్నాను. "ఏంది మేడమ్, ఇన్నేండ్లు లేంది ఇప్పుడేమొచ్చె? ప్రాక్టికల్స్ నెలే ఉన్నయి" అన్నారు ప్రిన్సిపాల్. పిల్లలు నన్ను తిట్టుకుంటున్నారు, తలుపు బయట వినిపించింది. మార్కులు తగ్గి వీళ్ళలో ఎవరికైనా సీటు పోతే? అదీ నా ఖాతాలోనే పడుతుంది. మంచి పని చేశానన్న ధీమా నాకు రాలేదు. నీకు వచ్చిందా?

జులైలో చేరు. సికింద్రాబాద్‌లో ఒక సంస్థ ఉందని విన్నాను. ఈసారి బ్రోషరు చూసి నేనేమీ చెప్పను. అంజయ్యను వెళ్ళి గొట్టంలో వేళ్ళు పెట్టి చూడమను.

అత్త


సికింద్రాబాద్,
26 జులై 1998.

అత్తమ్మా,

చేరాను. నాన్న వచ్చి చూశాడు. నల్లబడిన వేళ్ళు తుడుచుకోకుండా అమ్మకు చూపిస్తానని బస్సులో అలాగే పోయాడు.

సంగప్ప కూడా ఇక్కడే చేరాడు. నాతో మాట్లాడడు. నేను పక్కన ఉంటే తన లాగ్‌బుక్ మూసి, దాని మీద మోచెయ్యి పెట్టుకుంటాడు. అలా చేయొద్దని ఏ మొహంతో చెప్పను?

మా హ్యాంగర్ ఇంజనీరు పేరు జంగయ్య సార్. జోగిపేట వైపు మనిషి, వాళ్ళ అమ్మానాన్న ఇప్పటికీ కూలికి పోతారట. మొదటి రోజే నన్ను పైకీ కిందికీ చూసి, "చీపురు పట్టొస్తదా ఇంజనీరమ్మా?" అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. కాదు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ముందు నేల ఊడవాలి. నేల మీద చిన్న ఇనుప ముక్క మిగిలినా, ఇంజన్ తిరిగేటప్పుడు లోపలికి లాక్కుంటుంది. అంతటితో ఇంజన్ అయిపోతుంది, అప్పుడు విమానం గాలిలో ఉంటే మనుషులూ అయిపోతారు.

రెండు గంటలు ఊడ్చాను. మూలలు, చక్రాల వెనక, నిచ్చెన కింద. కొత్త లాగ్‌బుక్ మొదటి పేజీలో తేదీ వేసి, 'హ్యాంగర్ నేల ఊడ్చుట, రెండు గంటలు' అని రాసి సంతకానికి తీసుకుపోయాను. సార్ పెన్ను తీయలేదు. టార్చి తీశాడు. అంత పెద్ద మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి చూశాడు. తరువాత చక్రం కింద అరచేత్తో తడుముతూ మెల్లగా పోయాడు. లేచి వచ్చి నా చేతిలో ఒక వాషర్ పెట్టాడు. కందిబద్దంత ఉంది.

"ఇది నువ్వు రాసిన రెండు గంటలల్ల ఉన్నదా, లేదా?"

"లేదు సార్."

"మరి సంతకం దేనికి పెట్టాలె?"

నాకు రోషం వచ్చింది. "నన్ను నమ్మరా సార్?" అన్నాను.

"నమ్మ. నువ్వు గూడ నన్ను నమ్మకు. నేను బిగిచ్చిన నట్టును నువ్వు మళ్ళ పానా పెట్టి సూడాలె. నువ్వు బిగిచ్చింది నేను సూస్త. గట్లయితెనే అండ్ల మనుషుల్ని ఎక్కిస్తం."

నేను రాసిన పంక్తి మీద కొట్టివేత గీత ఒక్కటి అడ్డంగా గీసి, పక్కన నా పొడి అక్షరాలు వేయించి, చీపురు మళ్ళీ నా చేతికిచ్చాడు.

ఇవాళ్టికి పన్నెండు రోజులు. రోజూ ఊడుస్తాను, రోజూ రాస్తాను, రోజూ ఆయన మోకాళ్ళ మీద కూర్చుంటాడు. ఒకరోజు స్క్రూ, ఒకరోజు తీగ ముక్క, నిన్న ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనందుకు ఆయన ఇంకా అనుమానంగా చూసి రెండోసారి వెతికాడు. రెండోసారి నేనూ ఆయన పక్కన చెంప నేలకు ఆనించాను. ఒక పిన్ను నాకే దొరికింది. ఆయనకు ఇచ్చాను.

అత్తమ్మా, నా లాగ్‌బుక్కులో ఇంకా ఒక్క సంతకం కూడా లేదు.

నీ
స్వరూప